లోపలికి జరగండి

పద్దెనిమిదేండ్లుగా
లోపలికి జరగండప్పా, లోపలికి
అంటానే ఉండా.
యాభై ఐదు సీట్ల పల్లెవెలుగులో
గువ్వలచెరువు ఘాటు ఎక్కేలోగా
తొంభై మందిని సర్దిన చేతులివి.
కోళ్ళగంపలు, టమేటా బాక్సులు,
ఒకసారి కాళ్ళతో సహా కుట్టుమిషను
లెక్కలోకి రావు.

అట్లాంటి నాకు
ఆరునూర్ల నలభై అడుగుల ఫ్లాట్లో
ఒక్క బీరువాను ఏ గోడకు ఆనించాల్నో
తెలీలేదు.

చిన్నచౌకులో మూడో అంతస్తు.
సగం బ్యాంకుది, సగం నాది,
అభిప్రాయాలన్నీ మాయాయన ఓబులేసువి.
"ఇంటీరియరోళ్ళను పిలుద్దాం" అన్నాడు.

మొదటాయనది
ఏడురోడ్ల కాడ అద్దాల షోరూము.
ట్యాబులో మా ఇంటిని తిప్పి తిప్పి చూపించినాడు.
అందులో ఎవురూ లేరు.
తెల్లటి సోఫా,
గాజుగిన్నెలో మూడు నిమ్మకాయలు.
మూడే ఏంటికని అడిగితే
కాన్సెప్టు మేడం అన్నాడు.
ఆరు లక్షల ఎనభై వేలు, జీఎస్టీ వేరే.
వాళ్ళిచ్చిన చిన్న నీళ్ళబాటిలు పట్టుకొని
మెట్లు దిగినాం.

రెండో ఆయన మా డ్రైవరన్న బామ్మర్ది.
టేపు కూడా తేలేదు, జానతో కొలిచినాడు.
వంటింట్లో నల్లబండను చూసి
"పీకేసి గ్రానైటు ఏద్దాంలే అక్కా,
ఈ కాలంలో ఎవురు పెట్టుకుంటారు" అన్నాడు.
కడపలో నిలబడి కడపబండను అంత మాటంటాడా!
మే నెలలో కరెంటు పోయిన మధ్యాన్నం
దానిమీద చెంప ఆనించినోళ్ళకు తెలుస్తాది
దాని విలువ.
టీ ఇచ్చే పంపించినా,
చక్కెర తక్కువేసి.

గౌసియా స్కూటీ మీద వచ్చింది.
డిక్కీలో లామినేట్ ముక్కలు,
తాళాల మాదిరి ఉంగరానికి గుచ్చినవి.
బడ్జెట్ అడగలేదు.
చెప్పులు యాడ ఇడుస్తారు,
డ్యూటీ బ్యాగు యాడ తగిలిస్తారు,
రాత్రి చిల్లర యాడ కూడబెట్టి లెక్కేస్తారు
అని అడిగి రాసుకుంది.
పెన్సిలు చెవిసందున దోపుకొని
"ఇంట్లో మీరు యాడ కూచుంటారక్కా?" అనింది.

ఓబులేసు టీవీ ముందరి కుర్చీ చూపించినాడు.
అది ఆయనది.
మంచం నిండా పాప పరీక్షల పుస్తకాలు.
నేను ఆలోచించినా.
నిలబడే తింటా, నిలబడే బట్టలు మడతేస్తా.
బస్సులో నా సీటు కూడా
రోజూ ఎవరో ఒక చంటిబిడ్డ తల్లిది.
జవాబు రాలేదు.
గౌసియా మళ్ళ అడగలేదు.
టేపు ఒక కొస నా చేతికిచ్చి
"గట్టిగా పట్టుకోండక్కా" అని
కిటికీ దాకా నడిచిపోయింది.

ఫీజు పన్నెండు వేలు. పదికి బేరమాడినా.
పదకొండున్నరకు కుదిరింది.
ఐదునూర్లకు చిల్లర లేకపోతే
పాత టికెట్ వెనక బాకీ రాసిచ్చినా.
అలవాటు.

నలభై రోజులన్నారు, డెబ్బై మూడు పట్టింది.
వడ్రంగి వీరబ్రహ్మం రెండు రోజులొస్తే
నాలుగు రోజులు ఫోను ఎత్తడు.
బీరువా తలుపు తెరిస్తే
ఇప్పటికీ ఫ్యాను స్విచ్చుకు తగుల్తాది.
బియ్యం డ్రమ్ము అటక ఎక్కనే లేదు.
కార్డులో ఇసుక రంగు అన్నది
గోడమీదికొచ్చేసరికి
రవంత మాడిన పాలకోవా అయింది.

వంటింట్లో ఎక్కువైన బండ ఒకటుంటే
పారెయ్యనియ్యలేదు గౌసియా.
కిటికీ కింద రెండు ఇటుకల దిమ్మలు కట్టించి
దానిమీద పరిపించింది.
అంచులు తానే చేత్తో తడిమి చూసింది,
చీర పట్టుకుంటుందేమోనని.
"ఇంకో జానెడు పెంచితే ఇద్దరం కూచుంటాం కదా"
అన్నాడు ఓబులేసు.
"వద్దన్నా" అనింది,
అంతే, ఇంగేం చెప్పలేదు.

నిన్న లాస్టు ట్రిప్పు దిగొచ్చి
బ్యాగు కొక్కేనికి తగిలించి
కూచున్నా.
బండ సల్లగుంది.
దూరంగా పాలకొండలు నల్లబడతాండాయి.
కింద రోడ్డుమీద ఏదో బస్సు
నిండుగా పోతాంటే
ఎవరిదో కొత్త కండక్టరు గొంతు,
ఇంకా బొంగురు పోనిది,
లోపలికి, లోపలికి అంటాంది.

నాకు తెలీకుండానే
రవంత జరిగినా.
పక్కన గోడ.