ఎడమ పక్కకి

శనివారం ఎనిమిదో పీరియడ్.
"అవగాహన తరగతి" అని రాసున్న కాగితం మీద
ముందే సంతకం పెట్టించుకున్నారు హెడ్మాస్టరు గారు.
మెళ్లో విజిల్ తీసి బల్ల మీద పెట్టాను.

తొమ్మిది బి. నలభై ఒక్కరు.
కిటికీ అవతల నెల్లిమర్ల జూట్ మిల్లు గోడ,
గోడ మీద ఎవడో బొగ్గుతో గీసిన వికెట్లు.

నేను డాక్టర్ని కాను, డ్రిల్లు మాస్టార్ని.
నాకు తెలిసిన వైద్యం
బెణుకు, కండరం పట్టు, ఉప్పు కాపడం.
అయినా నేనే చెప్తానన్నాను,
ఎందుకంటే
ఎర్నాయుడికి మొదటి మాత్ర ఇచ్చిన చెయ్యి ఇదే.

జోనల్ కబడ్డీ. సెమీఫైనల్. మోకాలు వాచింది.
తెల్ల మాత్ర, మామూలుది,
దాని తప్పేమీ లేదు.
తప్పు నా మాటది:
"మింగీరా, నొప్పెక్కడికి పోద్దో సూడు."
ఆ మాట వాడు మర్చిపోలేదు.
మోకాలు మానింది. మాట మానలేదు.

తర్వాత ఎవరో ఇంకోటిచ్చారు,
చీటీ అడగని కొట్లో, రంగు గొట్టం.
నొప్పి లేని రోజు కూడా వేసుకున్నాడు,
వేసుకోని రోజే నొప్పయ్యేదాకా.

ఇంటర్ రెండో ఏడు. స్నేహితుల గది.
గురక పెడతన్నాడని నవ్వుకున్నారట,
చలేస్తుందని దుప్పటి కప్పారట.
మంచి పిల్లలే.
ఎవరూ చెప్పలేదు వాళ్లకి
అది గురక కాదని.

"జోగీ, ఇలా వచ్చి పడుకో."
జోగినాయుడు నేల మీద వెల్లకిలా పడ్డాడు,
చక్కిలిగిలేస్తోందని ఒకటే నవ్వు.
అందరూ నవ్వారు. నేనూ.

చూడండి.
పిలిస్తే పలకడు, గిచ్చితే కదలడు.
రెప్ప ఎత్తితే కనుపాప ఆవగింజంత.
పెదాలు నేరేడుపళ్లు తిన్నట్టుంటాయి, తిని ఉండడు.
మజ్జిగ పొయ్యకండి. చింతపండు నీళ్లు పట్టకండి.
నూతి దగ్గరికి ఈడ్చుకెళ్లి బకెట్లు కుమ్మరించకండి.
"తెల్లారితే దిగిపోద్దిలే" అని మాత్రం
ఎవరూ, ఎప్పుడూ, అనకండి.

నూట ఎనిమిది. బేగి.
కేసవుద్దేమో, అమ్మకి తెలిసిపోద్దేమో,
భయమేస్తుంది, వెయ్యనీ.
ముందు ఫోను కొట్టు, తర్వాత భయపడు.
భయపడ్డానికి మనిషి మిగలాలి కదా.
ఏం మింగాడో దాచకు,
ఖాళీ అట్ట దొరికితే జేబులో వేసుకెళ్లు.
విరుగుడు ఇంజక్షనుంది, వేసే చేతులున్నాయి,
వాళ్లొచ్చేదాకా ఊపిరుండాలి, అంతే.
వాణ్ణి వొగ్గేసి మాత్రం ఎల్లిపోకు.

ఢిల్లీశ్వరి లేచొచ్చింది, నేను పిలవకుండానే.
జోగి మోకాలు మడిచి,
భుజం పట్టి, మెల్లిగా
ఎడమ పక్కకి తిప్పింది.
చెంప కింద వాడి చెయ్యే పెట్టింది.
పసిపిల్లల్ని తిప్పినట్టు తిప్పింది.

"ఇప్పుడు వీడి ఊపిరి లెక్కపెట్టండి. ఒక్క నిమిషం."

తొమ్మిది బి నోరు మూసుకోవడం
ఈ ఏడాదిలో ఇదే మొదలు.
నలభై జతల కళ్లు
ఒక చొక్కా లేచి పడ్డం చూస్తున్నాయి.
పదిహేడు, అన్నారు కొందరు. పద్దెనిమిది, అన్నారు.
ఎర్నాయుడి ఊపిరి ఎవరు లెక్కపెట్టారు?

ఢిల్లీశ్వరి ఇంకా నేల మీదే కూచునుంది.
"మాస్టారూ, మా నాన్న షిఫ్టుకెళ్లే ముందు
రెండేసి మింగుతాడు. నడుం లెగదంటాడు.
మా నాన్న సెడ్డోడా?"

కాదమ్మా, అన్నాను.
ఆ తర్వాతేం చెప్పాలో
కాగితంలో లేదు.
మిల్లు బేళ్ల బరువు నాకు తెలుసు,
ఆ నడుము బరువు తెలీదు.
పెద్దాసుపత్రికి తీసుకెళ్దాం, అన్నాను,
సోమవారం, నేనూ వస్తాను.
తలూపింది. నమ్మిందో లేదో.

బెల్లు కొట్టారు.
ఎవరూ లేవలేదు.
నేల మీంచి జోగి గొంతు,
ఎడమ పక్కకే పడుకుని,
చెంప కింద చెయ్యి అలాగే:

"మాస్టారూ, లెగొచ్చా?"

లేరా నాయనా.
లే.