అద్దె చెవులు

కుతాయిసిలో, తెల్ల వంతెనకు ఇవతల,
రియోని నది హోరు తలుపు సందులోంచి వచ్చే కొట్టులో
అంబ్రోసి తాత స్పీకర్లు బాగుచేసేవాడు.
నా చెవులు అద్దెకు తీసుకునేవాడు.
పూటకో చుర్చ్‌ఖేలా:
దారానికి గుచ్చిన అక్రోట్లు,
ద్రాక్షరసం పాకంలో ముంచి ఆరేసినవి.

పెట్టెలోంచి సన్నటి కూత బయల్దేరేది.
"ఉందా?"
ఉంది.
మీట తిప్పేవాడు. పద్నాలుగు వేల హెర్ట్జ్. పదహారు.
"ఉందా?"
ఉంది తాతా, పంటికింద ఇసకలా.
ఆయనకు ఎనిమిది వేల దగ్గరే ఊరు అయిపోయేది.
పొలిమేర అవతల ఏముందో నన్నడిగి రాసుకునేవాడు,
చూపానని వాడు ఉత్తరం చదివించుకున్నట్టు.

పద్దెనిమిది వేల దగ్గర అబద్ధమాడాను.
"ఉంది" అన్నాను.
మీట ఎప్పుడో కట్టేశాడు.
ఆ పూట నాకు సగం చుర్చ్‌ఖేలాయే.

ఒక శనివారం మల్ఖాజ్ వచ్చాడు.
కొత్తగా కొన్నాడట, బీరువాలంత స్పీకర్లు.
కాగితం చూపించాడు: నలభై వేల దాకా పలుకుతాయట,
అయినా మంద్రం ఉబ్బుతోంది, మాట నలుగుతోంది.
"నలభై వేలు ఎవరికి?" అన్నాడు తాత,
"మీ ఇంట్లో గబ్బిలాలు పాట వింటాయా?"

పనిముట్లేవీ తీసుకోలేదు.
వాళ్ళింటికి నడిచాడు, వెనకాల నేను.
గదంతా అద్దాలు, చలువరాయి.
నడుమ నిలబడి ఒక్క చప్పట కొట్టాడు.
అది గోడగోడకీ తగిలి
తన పేరు తను మర్చిపోయి తిరిగొచ్చింది.
పెట్టెల్ని మూలల్లోంచి మూడు జానలు ముందుకు లాగించాడు.
మల్ఖాజ్ భార్య ఎలిసో చేత
అటక మీది తివాచీ దింపించాడు.
లేచిన దుమ్ముకి అందరం తుమ్మాం.

అప్పుడు సంచిలోంచి తన టేపు తీశాడు.
ఎవరి పెళ్ళి విందులోనో ముగ్గురు పాడినది:
పై గొంతు, నడిమి గొంతు,
కింద కదలకుండా నిలబడే గొంతు.
పాత టేపు. పది వేల పైన అందులో
బుస తప్ప ఏమీ లేదు.

పాట ఎత్తుకోబోయే ముందు
ముగ్గురూ ఒకేసారి ఊపిరి పీల్చారు.
అది వినబడింది.
ఎవరో గ్లాసు బల్ల మీద పెట్టారు,
నెమ్మదిగా, పాటకి దారిచ్చి.
కింది గొంతు నా కుర్చీ చెక్కలోకి దిగింది.
ఎలిసో తివాచీ అంచు పట్టుకునే ఉండిపోయింది.
మల్ఖాజ్ కాగితం మడిచి, ఎక్కడ పెట్టాలో తోచక,
మోకాలి కింద పెట్టుకున్నాడు.

తాత అన్నదల్లా,
"మనిషి కాపురం రెండు వందలకీ నాలుగు వేలకీ మధ్య.
ముందు ఆ ఇల్లు ఊడవండి.
మేడ తర్వాత."
డబ్బు తీసుకున్నాడు. దారిలో రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు కూడా.

ఇప్పుడు కొట్టు నాది. నలభైమూడేళ్ళు.
నా ఊరు పన్నెండు వేల దగ్గర అయిపోతుంది.
నిన్న పక్కింటి గెలా వచ్చి కూర్చున్నాడు,
కాళ్ళు నేలకందని వయసు.
"ఉందా?"
"ఉంది."
"ఇప్పుడు?"
"ఉంది."
నా వైపు నది హోరొక్కటే,
మీట ఏ అంకె మీదున్నా దానికి పట్టనట్టు.

మీట కట్టేసి అడిగాను,
"ఇప్పుడు?"
వాడు తల వాల్చి చాలాసేపు విన్నాడు.
"నువ్వు ఊపిరి పీలుస్తున్నావు," అన్నాడు.

చుర్చ్‌ఖేలా మొత్తం ఇచ్చేశాను.