మచ్చ పడని పళ్లెం

త్బిలీసీ. తొంభై మూడు, డిసెంబరు.
కరెంటు మంగళవారం పోయింది,
ఏ మంగళవారమో ఎవరికీ గుర్తులేదు.
మూడో అంతస్తులో ఎతేరి
గాజు పళ్లేన్ని కొవ్వొత్తికి ఎత్తి చూస్తోంది,
గుడ్డులో పిల్ల కట్టిందా లేదా అని
దీపానికి పట్టి చూసినట్టు.

లేదు. ఒక్క మచ్చా లేదు.
అగార్ మీద బాక్టీరియా పొర
అంచుదాకా మీగడలా, చెక్కుచెదరకుండా.
దాని మీద పోసింది కోటి వైరస్‌లను.
మామూలు బాక్టీరియా అయితే ఈపాటికి
పళ్లెం నాకేసినట్టు ఉండేది.

ఇది మామూలుది కాదు.
ఐదేళ్ల కిందట రసాయనంలో ముంచి తీసిన లక్షల్లోంచి
ఏరి దాచుకున్న అవిటిది.
పుస్తకంలో దాని పేరు ఎన్-నలభై ఒకటి.
ఎతేరి మాత్రం మొండిది అంటుంది.

"తలుపు మూసుకుందేమో," అన్నాడు నుగ్జార్
వేళ్లు ఊదుకుంటూ.
కాదు. తలుపు బార్లా తీసే ఉంది.
వైరస్ వాలింది, తోక ఆనించింది,
తన దారాన్నంతా లోపలికి వదిలింది.
ఇంటి రైబోసోములు ఎవరి పని అని అడక్కుండా
దొంగ చెప్పిందల్లా చేసిపెట్టాయి.
తోకలు వచ్చాయి.
తలల ముక్కలు వందలకొద్దీ వచ్చాయి,
తల మాత్రం కట్టలేదు.
అడుగంటిన జావలా
గోడకు ముద్దలు ముద్దలుగా అతుక్కుపోయాయి.

ఏదో లేదు ఈ ఇంట్లో.
ఏది లేదో చెప్పగలిగింది
దోచుకోలేకపోయిన దొంగ ఒక్కటే.

పొరుగింటి త్సియాలా ఉదయమే వచ్చింది,
ఖాళీ గిన్నెతో: "కాస్త దెదో పెట్టు,
నా మత్సోని చలికి చచ్చిపోయింది."
మనం తోడు అనేదాన్ని వాళ్లు దెదో అంటారు,
అమ్మ అనే మాటకు అటూ ఇటుగా.
పాలున్నాయి, గిన్నె ఉంది, వెచ్చదనమూ తేవచ్చు.
తోడు లేకపోతే పాలు పాలే.
చెంచాడు తోడు గిన్నెలోకి జారుస్తూ
ఎతేరి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ముప్ఫై ఏడు డిగ్రీలు ఆ చలికాలం ఊరంతా వెతికినా
ఒక్కచోటే దొరికేది, ఒంటి మీద.
చిన్న పళ్లేలు ఆరు ఉన్నిశాలువాలో చుట్టి
నడుముకు బిగించి, పైన కోటు వేసుకుని
రొట్టె కోసం నాలుగు గంటలు నిలబడింది.
ముందున్న ముసలామె పొట్టవైపు చూసి
తన చోటు ఇచ్చి వెనక్కి జరిగింది.
ఎతేరి వద్దనలేదు.
(ఇది తలచుకుని ఇప్పటికీ సిగ్గుపడుతుందట.)

ఆరో పళ్లెంలో, అంచుకు దగ్గరగా, ఒక మచ్చ.
ఆవగింజంత. అద్దంలా తేట.
కోటిలో ఒకటి
ఆ ఇంటి వంకర చేతికి తగ్గట్టు
తన తలనే కాస్త మార్చుకుని పుట్టింది.
ఒక్క అక్షరం తేడా. అచ్చుతప్పు.
తప్పున్న ఇంట్లో తప్పున్న అతిథి
కడుపునిండా భోంచేసి వెళ్లింది.

ఫిబ్రవరిలో ఒక రాత్రంతా కరెంటు ఉంది, ఎందుకో.
మేడంతా నీళ్లు కాచుకుంది, తల రుద్దుకుంది.
ఎతేరి పెట్టెను నలభై మూడుకు తిప్పి
రెండు పళ్లేలు పెట్టింది,
మామూలుది ఒకటి, మొండిది ఒకటి. వైరస్ ఊసే లేదు.
తెల్లారేసరికి మామూలుది నిండుగా పెరిగింది.
మొండిది మొలవనే లేదు.
దొంగ వెతుక్కుంటూ వచ్చిన చెయ్యే
వేడిలో ఇంటిని నిలబెట్టే చెయ్యి అన్నమాట.

ఆ పుస్తకం నేను చాలా ఏళ్లకు చూశాను.
లిపి రాదు నాకు. మన అక్షరాల్లాగే గుండ్రం,
చదవబోయి ఆగిపోయాను.
అంకెలు మాత్రం అర్థమయ్యాయి:
నలభై మూడు. సున్నా.
సున్నా చుట్టూ పెన్సిలు మూడుసార్లు తిరిగింది.

ఆ ఉదయం మళ్లీ కరెంటు పోయింది.
నుగ్జార్ మంచు దులుపుకుంటూ లోపలికొచ్చి
ఏం తేలిందని అడిగాడు.
సగం రొట్టె, శాలువా మూట
ఒకేసారి చేతికిచ్చింది.
"కోటు విప్పు. ఇవాళ నీ వంతు.
వంగి బూటుతాడు కట్టుకోకు,
పళ్లేలు పగుల్తాయి."