ఒకే గీత

సోహార్‌లో మిట్టమధ్యాహ్నం. ఈ గురువారంతో
ట్రయల్ లైసెన్సులు రెండూ సరి.

ఒకటి గాలిని గళ్లుగళ్లుగా కోసి
ఏ గడిలో ఎంత వేడో చెబుతుంది;
వెలుతురు సంగతి దానికి పట్టదు.
ఇంకోటి కిరణాన్ని వెంట్రుకవాసి తప్పకుండా నడిపిస్తుంది,
గాలి కదలదనుకుని.

నాకు కావాల్సింది
ఫ్లేర్ స్టాక్ పక్క కెమెరాలో
వాల్వు చక్రం ఎందుకలా వణుకుతుందో.

"బడ్జెట్ ఒక్కదానికే" అన్నాడు ఖల్ఫాన్.

కెమెరా స్తంభం దిగి వచ్చిన లస్మయ్య
తారురోడ్డు మీద తళతళలాడే లేని నీళ్లు చూపించాడు:
"అది గాలి పనా సార్, ఎల్తురు పనా?"

కొనుగోలు ఫారంలో ఒకే గీత.
రెండు పేర్లూ దానిమీదే ఇరికించాను,
అక్షరాలు ఒకదానిమీదొకటి ఎక్కాయి.

ఖల్ఫాన్
కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.