తుమ్ము

నేను గదిలో అడుగు పెట్టగానే
షహనాజ్ తుమ్మేది.
ఒకటి, రెండు, ఒక్కోసారి నాలుగు.
"వచ్చావా ఏసోబు బాబాయ్,
యార్డునంతా వెంటేసుకుని" అనేది
ముక్కు తుడుచుకుంటూ.

గుంటూరు పెద్దాసుపత్రిలో, వరండా చివర గది.
కప్పీకి వేలాడే తాడు,
గోడకి, వేళ్లతో ఎక్కే చెక్క నిచ్చెన.
మిరప టిక్కీ జారి మీదపడ్డ రోజు నుంచి
నా కుడిచెయ్యి భుజం దాటి లేవదు.
చొక్కా తొడగాలన్నా మా ఆవిడ రావాలి.

"చెయ్యెత్తు. ఎత్తుతూ ఊపిరి వదులు."
ఇంతే ఆ పిల్ల వైద్యం. సూది లేదు, మాత్ర లేదు.
ఇంతే నాకు చేతకాలేదు.

ఇరవయ్యేడేళ్లు
ఊపిరి బిగపట్టే కదా ఎత్తింది!
లారీ కాడ వంగినప్పుడు బిగించిన ఊపిరి
నెట్టు మీద బస్తా దించాకే విప్పేవాణ్ణి,
మొలతాడు ముడిలా.
మధ్యలో వదిలితే మళ్లీ పీల్చాలి.
పీలిస్తే కారం.
తేజ రకం దిగిన నాడు ఎవడు పీలుస్తాడు చెప్పండి?
మా ముఠాలో దమ్మున్నోడంటే
ఎక్కువసేపు గాలి తీసుకోనివాడు.

ఇది చెబితే షహనాజ్ నవ్వలేదు.
నా ఎడమ అరచేతిని నా పొట్ట మీదే పెట్టించి
"ముందు ఇది కదలాలి, భుజం సంగతి తర్వాత" అంది.
పరాయి ఇంటి తలుపు మీద
చెయ్యి వేసినట్టుంది.
లోపల ఎవరో ఉన్నారు.
గొళ్లెం తీయరు.

"వేడి పాలు ఊదు."
"పాలేవీ?"
"ఉన్నాయనుకో బాబాయ్."
ఊదాను.
మా చిన్నదానికి టీ చల్లార్చి ఇచ్చిన పొద్దులు
గుర్తొచ్చి, ఇంకాస్త ఊదాను.
అప్పుడే నా వేళ్లు నాకు చెప్పకుండా
రెండు మెట్లు పాకాయి.
నేను చూడలేదు. ఆ పిల్ల చూసింది.

ఎండలు ముదిరాయి. యార్డుకి సెలవులిచ్చారు.
మళ్లీ తెరిచారు.

నిన్న చెయ్యి చెవికి తగిలింది.
ఎంత వెచ్చగా ఉందో నా చెవి!
షహనాజ్ చప్పట్లు కొట్టింది.
అప్పుడు తట్టింది నాకు,
ఆమె ఇవాళ తుమ్మనేలేదు.

బయటికొచ్చి చొక్కా కాలరు వాసన చూసుకున్నాను.
సబ్బు.

నా చోట ఇప్పుడు
మేనల్లుడు దావీదు మోస్తున్నాడు.
బిగపట్టే మోస్తుంటాడు, ఎవరు చెప్పారు వాడికి?
చిలకలూరిపేట రోడ్డు ఆటో ఎక్కాను.
గేటు ఇంకా కనపడనేలేదు,
గాలిలో ఘాటు.

ఊపిరి వదలరా అనాలా,
వదిలాక ఏం పీల్చమనాలి?

కడుపు నిండా పీల్చి చూశాను.

తుమ్మొచ్చింది.