పంపు లేదు

"రష్యాలో ఏటి సూసొచ్చేవు గౌర్నాయుడూ?"
సునాబేడ క్వార్టర్సులో అందరూ అడిగేవారు.

ఆర్నెల్ల ట్రైనింగులో దొరికిన ఒక్క ఆదివారం.
లెనిన్‌గ్రాడ్ నుంచి పడవలో తీసుకెళ్ళారు.
జార్ల మేడలు, మెట్ల పొడవునా బంగారు బొమ్మలు,
చీల్చిన సింహం నోట్లోంచి
తాడిచెట్టెత్తున నీళ్ళు.
తోటివాళ్ళు ఫొటోలకి నిలబడ్డారు.
నేను పంపుహౌసు వెతికాను

పొదల వెనక, గోడల వెనక,
చెవి నేలకి ఆనించి కూడా.
మోటారు రొద లేదు. గ్రీజు వాసన లేదు.
గేటు కాడ తలగుడ్డ ముసలామె
నా అవస్థ చూసి నవ్వింది.
అరచెయ్యి ఏటవాలుగా పట్టి
రెండో చేతి వేళ్ళని దానిమీద జార్చింది.
అంతే. ఎక్కడో మిట్టన ఊట.
మిగతాదంతా వాలు.

ఇంజన్ షాపుకి రాకముందు పదేళ్ళు
పంపుకాడ రాత్రిషిఫ్టు చేసినవాణ్ణి.
సిగ్గేసింది, ఎందుకో.

మొన్న నందపూర్ దారిలో బస్సు చెడిపోతే
మంగళా జానీ మడిగట్టున కూచున్నాను.
కొండమీంచి వెదురుగొట్టాలు,
ఒకదాని నోట్లోంచి ఇంకోదాన్లోకి
చప్పుడు లేకుండా నీళ్ళు.
వచ్చీరాని ఒడియాలో ఆ ముసలామె సంగతి చెప్పాను,
చెయ్యి వాల్చి చూపించాను.
మేడల గురించి అతనడగలేదు.
"ఎండల్లో ఆ ఊట ఎండిపోదా?" అన్నాడు.

అది
నేనడగనేలేదు.