చిల్లర

తెల్లారగట్ల నాలుగున్నరకి, లూగో దారిలో, పొగమంచులో
నా లారీ లైట్లకి ముందు కనపడేవి ఆవుల కళ్ళు.
తర్వాతే మనుషులు.
పాల ట్యాంకరు తోలడం నా పని. పద్దెనిమిదేళ్ళయింది.
మొదట్లో ఈ దారిలో నలభై ఒక్క గేట్ల ముందు ఆగేవాణ్ణి.
ఇప్పుడు తొమ్మిది.
మిగతా వాటి మీద ముళ్ళపొదలు పాకాయి,
ఐనా అక్కడికొచ్చేసరికి కాలు
దానంతటదే బ్రేకు మీదికి పోతుంది.

ఎర్మితాస్ కొట్టంలో ఇరవైమూడు ఆవులు.
అన్నిటికీ పేర్లున్నాయి, నాకు రెండే గుర్తు:
తన్నేది తెయ్షా, తన్ననిది మరేలా.
మనిషి చెయ్యి తగిలితే తప్ప మరేలా చేపదు.
మిషను తగిలించే ముందు
పొదుగు మీద వేడినీళ్ళ గుడ్డ వేసి
ఎర్మితాస్ ఏదో గొణుగుతుంది.
ఆవు కళ్ళు సగం మూస్తుంది.
నేను వాచీ చూసుకుంటాను.

నెలకోసారి కాగితం కూడా నా చేతిమీదుగానే.
వచ్చే నెల ధర. సంతకం ఇక్కడ.
ముప్ఫై మూడు సెంట్లు. ముప్ఫై ఒకటి.
ఈసారి ఇరవై తొమ్మిది.
"లీటరు తియ్యడానికే నాకు ముప్ఫై ఆరవుతోంది" అంది,
నాతో కాదు, నా జేబులోని పెన్నుతో.
కంపెనీ మాత్రం ఏం చేస్తుంది, సూపర్‌మార్కెట్టు వాళ్ళు… అని మొదలెట్టాను.
వాళ్ళనడిగితే గిరాకీ అంటారు.
గిరాకీని అడుగుదామంటే
దానికి నోరెక్కడుంది?
పెన్ను ఇచ్చాను.
ఆవుకి సమ్మె తెలీదు. పొదుగు నిండితే అరుస్తుంది.

సూపర్‌మార్కెట్లో పాలు చిట్టచివర పెడతారు, గమనించారా?
బట్టల సబ్బులూ, మడతకుర్చీలూ, వైను సీసాలూ దాటి
దుకాణమంతా తిరిగితే గాని అందవు.
గాలానికి గుచ్చే ఎర చవగ్గానే ఉండాలి కదా.
పక్క అరలో నీళ్ళసీసా,
పాలకన్నా పదకొండు సెంట్లు ఎక్కువ.
నీళ్ళు కలిపావురా అని తిట్టుకునేవాళ్ళం వెనకటికి.
ఇప్పుడు కలిపితే నష్టం.

శనివారం, జనం కిటకిటలాడే వేళ,
రబ్బరు బూట్లతోనే వచ్చారు, అరవైమంది దాకా.
కేకల్లేవు. అట్టముక్కల మీద రాతల్లేవు.
తలా ఒక పాలడబ్బా తీసుకుని వరసలో నుంచున్నారు.
ముందు ఎర్మితాస్.
బల్ల మీద ఒక్కొక్కటే పెట్టింది,
అన్నీ ఒక సెంటు నాణేలు. ఇరవై తొమ్మిది.
"అరవై రెండండీ" అంది కౌంటర్లో పిల్ల.
"లీటరు ఇంతేనని నాచేత సంతకం పెట్టించారు.
మిగతాది దేనికో రాసివ్వు, కడతాను."

ఆ పిల్ల ఇరియా.
ముళ్ళపొదలు పాకిన గేట్లలో ఒకటి వాళ్ళది.
ఒక్కో నాణేన్నీ వేలితో జరుపుతూ
మళ్ళీ మొదట్నించి లెక్కపెట్టింది,
గింజల్లో రాళ్ళేరుతున్నంత నెమ్మదిగా.
మేనేజరు పరుగున వచ్చాడు.
వెనక ఎవరి బుట్టలోనో ఐస్‌క్రీము కారుతోంది.
"ఇరవై ఎనిమిదే తేలాయి సార్" అంది ఇరియా.
"ఇంకోసారి చూస్తాను."

నేనా వరసలో లేను. చెప్పుకోడానికి సిగ్గే.
కంపెనీ బొమ్మున్న చొక్కాతో
తలుపు దగ్గర, ట్రాలీల పక్కన,
జేబులో వేళ్ళతో చిల్లర తడుముకుంటూ నుంచున్నాను.

సోమవారం మళ్ళీ నాలుగున్నర, మళ్ళీ పొగమంచు.
కాగితమేదైనా వచ్చిందా అనడిగింది.
సీటు కింద ఉంది.
లేదన్నాను.
మరేలా ఇంకా చేపలేదు, కాసేపు ఆగాలంది.
ఆగాను.